లింగం మునిగిన రోజు

ఆ ఏడు వినాయక చవితికి ఒక జల్లు పడింది, అంతే. ఆ తర్వాత మబ్బు పట్టడమే గాని కురిసింది లేదు. గుండ్లవారిపాలెం సాగర్ కాలవకి చిట్టచివరి ఊరు. పై ఊళ్ళ వాళ్ళు తడుపుకోగా మిగిలితేనే అక్కడికి నీళ్ళు దిగుతాయి. ఆ ఏడు పైవాళ్ళకే చాల్లేదు. నల్లరేగడి నేల నెర్రెలిచ్చింది. ఆ నెర్రెల్లో చెయ్యి పెడితే మోచేతిదాకా పోయేది. పత్తి మోకాలెత్తున ఆగిపోయింది. మిరప మొక్కలు తెల్లవారుజామున కాస్త తేరుకున్నట్టు కనపడి, పదింటికల్లా ఆకులు ముడుచుకునేవి. తాగడానికి పంచాయతీ ట్యాంకరు రోజు విడిచి రోజు వచ్చి, ఇంటికి ఎనిమిది బిందెలు పోసి పోయేది.

అట్టాంటి రోజుల్లో ఒక సాయంత్రం, పాలకేంద్రం అరుగు మీద నలుగురూ కూర్చుని ఉండగా బాపయ్య ఆ మాట ఎత్తాడు.

"వచ్చే సోమవారం ఊరంతా పస్తుందాం. రామలింగేశ్వరుడికి ఘటాభిషేకం చేద్దాం. లింగం మునిగేదాకా ఎవరూ పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకూడదు. ఏ ఇంట్లోనూ పొయ్యి వెలగకూడదు."

బాపయ్యకి అరవై మూడేళ్ళు. ఐదెకరాల రైతు, గుడి కమిటీకి పెద్ద. అతనికి ఇరవై ఏళ్ళప్పుడు ఇట్టాంటి కరువే వస్తే, వాళ్ళ నాన్న వెంకయ్య ఊరి చేత ఇదే పని చేయించాడు. గర్భగుడి గుమ్మానికి బంకమట్టితో అడ్డుకట్ట వేసి, నీళ్ళు బయటికి పోయే తూముకి గుడ్డలు కుక్కి, బిందెల మీద బిందెలు పోసి శివుణ్ణి నిలువునా ముంచారు. జనం ఇళ్ళకి చేరకముందే వాన కుండపోతగా కురిసిందని ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. బాపయ్యకి మాత్రం వాన మూడో రోజున పడినట్టు గుర్తు. కానీ ఊరు చెప్పుకునే మాటే వినడానికి బాగుంటుందని అతనెప్పుడూ దాన్ని దిద్దలేదు.

మాట అందరికీ నచ్చింది. చేతులు ముడుచుకు కూర్చోవడం కన్నా ఏదో ఒకటి చెయ్యడం నయమనిపించింది. పక్కన బడ్డీకొట్టు నడిపే మస్తాన్‌బీ కూడా, "ఆ రోజు కొట్టు కట్టేస్తానన్నా. మేమూ పస్తుంటాం. మా వాళ్ళు శుక్రవారం చేలో నమాజు చదివొచ్చారు. ఎవరి మొర ముందు వింటాడో విననీ," అంది.

పూజారి గారు ముహూర్తం చూసి, "నీళ్ళ సంగతి ఏంటండీ?" అని అడిగాడు. "ఒక ట్యాంకరు అదనంగా తెప్పించుకుంటే సరిపోతుంది. ఏ నీళ్ళయినా ఈశ్వరుడికి గంగే."

బాపయ్య అడ్డంగా తలూపాడు. "ట్యాంకరు నీళ్ళేందండీ. ఎక్కడివో, ఏ చెరువువో. ఈ నేల మీద వాన పడాలంటే ఈ నేలలో నీళ్ళే పొయ్యాలి. మా నాన్న అట్టాగే చేశాడు."

"మరి ఊళ్ళో నీళ్ళెక్కడున్నాయి?" అని ఎవరో అన్నారు.

"మా బావ బోరుంది గదా," అన్నాడు బాపయ్య.

అడగకుండానే మాటిచ్చేశాడు. ఆ సంగతి అప్పుడు అతనికి తప్పనిపించలేదు. రోశయ్య పరాయివాడా, చెల్లెలి మొగుడాయె.

మర్నాడు పొద్దున్నే బాపయ్య, రోశయ్య చేను దగ్గరికి వెళ్ళాడు. రోశయ్యది సొంతం ఎకరన్నర, కౌలు రెండెకరాలు, మొత్తం మిరపే. ఊళ్ళో బోర్లన్నీ ఎండిపోగా అతని బోరు ఒక్కటే ఇంకా ప్రాణంతో ఉంది. అదీ ఇరవై నిమిషాలు పోసి ఆగిపోతుంది. అరగంట ఊరనిస్తే మళ్ళీ ఇరవై నిమిషాలు. పగలు కరెంటున్నంత సేపూ రోశయ్య స్టార్టరు డబ్బా దగ్గరే కూర్చునేవాడు. సాలు తర్వాత సాలు, మొక్కకింత అని పంచేవాడు. ఊరి మిరప అంతా వాడి ఉంటే, అతని తోట ఒక్కటే పచ్చగా తెల్లటి పూత మీద ఉంది.

బాపయ్య సంగతి చెప్పాడు. రోశయ్య భార్య మాణిక్యమ్మ చేతిలో పారతో సాళ్ళ మధ్య నిలబడి వింది.

"రోజంతా కావాలా అన్నయ్యా?" అంది.

"రోజంతా కావాలమ్మా. ముందురోజు కూడా నీళ్ళు వాడకుండా ఊరనిస్తే మంచిది."

"రెండు రోజులు తడి ఆగితే పూత రాలిపోద్ది."

"వానొస్తే రాలిన పూత మళ్ళీ వచ్చుద్ది. ఊరంతా నీ బోరు వంక చూస్తుందమ్మా. దేవుడి పని."

మాణిక్యమ్మ ఇంకేదో అనబోయింది. రోశయ్య చెయ్యి పైకెత్తి ఆపాడు. అతను మొదట్నుంచీ భక్తుడు. సోమవారాలు ఒంటిపూట తింటాడు, కార్తీకమాసమంతా చన్నీళ్ళ స్నానం. ఒకరికి లేదనే అలవాటు కూడా లేదు.

"దేవుడికి కాదంటానా బావా," అన్నాడు. "మిగతా అందరి తోటలూ ఎండుతుంటే నా ఒక్కడి తోట పచ్చగా ఉండటం నాకూ ఏదోగా ఉంది. తీసుకోండి." ఆ వెంటనే, "స్టార్టరు దగ్గర ఎవరు కూర్చుంటారు?" అని అడిగాడు.

"నేనే ఉంటా. నువ్వు బిందె మొయ్యి, పుణ్యం."

రోశయ్య అతన్ని బోరు దగ్గరికి తీసుకెళ్ళి మోటారు వేశాడు. పైపులోంచి రెండంగుళాల ధార పడింది. ఇరవై నిమిషాలు ఇద్దరూ అక్కడే నిలబడ్డారు. ధార సన్నబడి, ఆగి ఆగి, మనిషి దగ్గినట్టు గాలీ నీళ్ళూ కలిసి వచ్చింది.

"ఇదుగో, పైపు దగ్గిందంటే నీళ్ళు మోటారు కిందికి పోయినట్టు. వెంటనే ఆపెయ్యాలి. అరగంట ఆగి మళ్ళీ వెయ్యి. ఎండు మీద తిరిగితే మోటారు కాలిపోద్ది బావా. ఇది ఒక్కటి గుర్తు పెట్టుకో, చాలు."

"నాకు తెలీదంటయ్యా," అన్నాడు బాపయ్య నవ్వుతూ.

సోమవారం తెల్లారేసరికి ఊళ్ళో ఎక్కడా పొగ లేదు. టీ కొట్లు మూసేశారు. చంటిపిల్లలకీ, మందులు మింగే ముసలివాళ్ళకీ తప్ప అందరికీ పస్తే. గుడికీ బోరుకీ మధ్య పావుమైలు దూరం. ఆ పొడుగునా ఆడా మగా తలస్నానాలు చేసి, తడిబట్టల్తోనే రెండు బారులుగా నిలబడ్డారు. నిండు బిందెలు ఒక బారులో గుడి వైపు పోయేవి. ఖాళీవి రెండో బారులో తిరిగొచ్చేవి. గుళ్ళో పూజారి గారు నమకం చదువుతున్న గొంతు మైకులో చేలదాకా వినపడుతుంది. ఆరింటికి మొదటి బిందె కదిలినప్పుడు బాపయ్య బారుల పొడుగునా చూశాడు. ఇంతమంది తన మాట మీద నిలబడ్డారు. నాన్న ఉంటే బాగుండుననుకున్నాడు.

పొద్దున బాగానే జరిగింది. బోరు ఇరవై నిమిషాలు పోసేది, బాపయ్య ఆపేవాడు, అరగంట జనం బారుల్లోనే కూర్చుని శివనామం చెప్పుకునేవాళ్ళు. మధ్యాహ్నానికి ఎండ చురుకెక్కింది. అరగంటకి ఊరే నీళ్ళు పదిహేను నిమిషాలకే అయిపోసాగాయి. దానికి తోడు గర్భగుడి గుమ్మానికి వేసిన మట్టికట్ట ఒకచోట చెమ్మగిల్లి కారింది. దాన్ని మళ్ళీ మెత్తేసరికి సగం కొలత తగ్గింది. గుడి నుంచి కబురు బారు వెంట నోటి మీద నోరుగా వచ్చేది. పానవట్టం మునిగింది. లింగం సగానికి వచ్చింది. ఇంకా జానెడు.

మూడున్నరకి వరసలో ఉన్న కోటిరత్నం, డెబ్భై ఏళ్ళ మనిషి, బిందె చేతిలో ఉండగానే కూలబడిపోయింది. మొహాన నీళ్ళు చల్లి నీడకి చేర్చారు. నోట్లో రెండు చుక్కలు పొయ్యబోతే పళ్ళు బిగబట్టి ఒద్దంది. అది చూసి ఆడవాళ్ళు కొందరు ఏడ్చారు.  సేద్యానికిచ్చే కరెంటు నాలుగున్నరకి పోతుంది. ఈలోపు లింగం మునక్కపోతే ఈ పస్తుకి అర్థం లేదు. మునగలేదంటే ఊరు ఏమంటుంది? వెంకయ్య చేయించాడు, కొడుకు చేయించలేకపోయాడంటుంది.

నాలుగింటికి కబురొచ్చింది. రెండు వేళ్ళ ఎత్తు మిగిలింది. నలభై బిందెలైతే చాలు.

అప్పుడే మోటారు వేసి ఐదు నిమిషాలైంది. అప్పుడే పైపు దగ్గింది.

బాపయ్య చెయ్యి స్టార్టరు మీదికి పోయింది. ఆపాలి. ఆపి అరగంట ఆగితే కరెంటు పోతుంది. పైపు దగ్గుతూనే ఒక్కో గుక్కా నీళ్ళు కక్కుతుంది. బిందె కాకపోయినా సగం బిందె వస్తుంది. బారులో ముందున్నవాళ్ళు అతని మొహంలోకే చూస్తున్నారు. ఇంకో నిమిషం అనుకున్నాడు. ఆ తర్వాత ఇంకో నిమిషం. నీళ్ళు పూర్తిగా ఆగిపోయి వట్టి గాలి వచ్చింది. స్టార్టరు దానంతటదే టక్కున పడిపోయి మోటారు ఆగింది. బాపయ్య మళ్ళీ పచ్చ బటన్ నొక్కాడు. మళ్ళీ పడింది. మూడోసారి నొక్కి, పడిపోకుండా వేలితో అదిమిపట్టాడు. డబ్బాలోంచి ఒక మూలుగు లాంటి చప్పుడొచ్చింది. కాలిన వాసన కొట్టింది. అంతే, ఆ తర్వాత ఏ బటన్ నొక్కినా కదల్లేదు.

అతను బారు వైపు తిరిగాడు. గట్టిగా కేకేశాడు. "ఇళ్ళల్లో బిందెలు తెండి. తాగే నీళ్ళు ఎన్నుంటే అన్ని తెండి."

జనం పరుగెత్తారు. ఇంటికి ఒకటీ రెండూ వంతున పోగయ్యాయి. మాణిక్యమ్మ తనింట్లో ఉన్న మూడు బిందెలూ తెచ్చింది. మస్తాన్‌బీ కొట్టులో నీళ్ళ డబ్బాలు మోసుకొచ్చింది. నాలుగు ముప్పావుకి గుళ్ళో గంట మోగింది. లింగం మునిగింది. హరహర మహాదేవ అని ఊరు ఊరంతా అరిచిన అరుపు బోరు దగ్గర ఒంటరిగా నిలబడ్డ బాపయ్య దాకా వచ్చింది. శివుణ్ణి ముంచిన చివరి నలభై బిందెలూ ట్యాంకరు నీళ్ళేనని అతనికి అప్పుడే తోచింది.

పానకం, వడపప్పు పంచుతుండగా రోశయ్య చేను గట్టు మీద నడుచుకుంటూ వచ్చాడు. ఒళ్ళంతా తడి. నుదుటి విభూతి కారి కనుబొమల మీదికి వచ్చింది. మొహం వెలిగిపోతుంది.

"అయిపోయింది బావా. కళ్ళారా చూశా. మునిగాడు." తర్వాత స్టార్టరు వంక చూశాడు. "ఇదేంది, వాసన?"

బాపయ్య ఆలోచించి చెప్పలేదు. నాలుక దానంతటదే కదిలింది. "వోల్టేజీ పడిపోయిందయ్యా. గుప్పున కొట్టేసింది. నేను ఆపేలోపే పోయింది."

రోశయ్య డబ్బా మూత తెరిచి చూసి, మెల్లగా మూసేశాడు. పొద్దున్నుంచి ఏమీ తినని మనిషి, కాసేపు గట్టు మీద కూర్చున్నాడు.

"పోనీలే బావా," అన్నాడు. "దేవుడి పనిలో పోయింది."

మర్నాడు కప్పీ కట్టి మోటారు పైకి లాగారు. దాన్ని అద్దంకి బజారుకి తీసుకెళ్ళే పని బాపయ్యే తన మీద వేసుకున్నాడు. మెకానిక్ కోటి దాన్ని విప్పి, నల్లగా మాడిన తీగలు వేలితో గీకి చూశాడు.

"ఇది వోల్టేజీకి పోయింది కాదు బాబాయ్. ఎండు మీద తిప్పారు. అదీ చాలాసేపు."

బాపయ్య చుట్టూ చూశాడు. కొట్టు ముందు ఎండిన బోర్ల తాలూకు మోటార్లు పది పన్నెండు వరసగా పడున్నాయి. "మా బావ అడిగితే వోల్టేజీ అనే చెప్పు," అన్నాడు.

కోటి అతని వంక ఒకసారి చూసి, సరేనన్నాడు. దీని వంతు వచ్చేసరికి ఎనిమిది రోజులు పడుతుందని కూడా చెప్పాడు.

ఆ ఎనిమిది రోజులూ బాపయ్య చెయ్యగలిగింది ఒకటుంది. అద్దంకిలో ప్రైవేటు ట్యాంకర్లు దొరుకుతాయి. రోజుకి రెండు తెప్పించి మొక్కకో చెంబు పోయించినా ఆ మూడున్నర ఎకరాల్లో సగమన్నా బతికేది. ఆ ఆలోచన మొదటి రోజే వచ్చింది. బస్సులో వచ్చేటప్పుడు ట్యాంకర్ల షెడ్డు ముందునుంచే వచ్చాడు. దిగలేదు. అంత చొరవగా నీళ్ళు తోలితే, ఎందుకు తోలుతున్నాడని ఊళ్ళో అడుగుతారని భయపడ్డాడు. దేవుడే తోలతాడులే అని కూడా అనుకున్నాడు. వాళ్ళావిడ సుబ్బరావమ్మ రెండుసార్లు అడిగింది. "మాణిక్యం తోటకి ఏదో ఒకటి చెయ్యకూడదా? మన వల్లే గదా తడి ఆగింది," అని. అతను విననట్టు ఊరుకున్నాడు.

రోజూ తడికి అలవాటుపడ్డ తోట, ఊళ్ళో మిగతా మిరపలాగా ఎండకి ఓర్చుకోలేకపోయింది. మూడో రోజుకి పూత సాళ్ళ మీద తెల్లగా రాలింది. ఆరో రోజుకి ఆకు పసుపెక్కింది. తొమ్మిదో రోజున మోటారు దించి వేస్తే నీళ్ళు వచ్చాయి. రోశయ్య ఆ నీళ్ళు సాళ్ళకి పెట్టాడు. మొక్కలు తాగలేదు. పన్నెండో రోజున మధ్యాహ్నం పూట తూర్పున నల్లగా కమ్ముకొచ్చి, రెండు రోజులు ఆగకుండా కురిసింది.

ఊరు ఊరంతా గుడి ముందు చేరింది. వాడిపోయి ఉన్న మిరపంతా వారంలో లేచింది. పత్తి మళ్ళీ కొమ్మేసింది. గుళ్ళో బాపయ్యకి దండేసి, శాలువా కప్పి, వెంకయ్య కొడుకనిపించాడన్నారు. పొంగళ్ళ వాసన మధ్య రోశయ్య అతని దగ్గరికి వచ్చాడు. తోటంతా పోయినవాడు, అతనే ముందుగా వచ్చి బాపయ్య రెండు చేతులూ పట్టుకున్నాడు.

"మన బోరు నీళ్ళే గదా బావా," అన్నాడు. "ఇట్టా తిరిగొచ్చినయ్."

ఆ దండ మెడలో ఉండగా బాపయ్యకి చెప్పాలనిపించింది. రేపు చెబుదాం అనుకున్నాడు.

మిరప పీకేసి మళ్ళీ ఏదన్నా వెయ్యడానికి అదును దాటిపోయింది. రోశయ్య కౌలు వదిలేసుకున్నాడు. సొంత ఎకరన్నర పక్క రైతుకి కౌలుకిచ్చి, వేసవికల్లా మొగుడూ పెళ్ళాలు తాడేపల్లి వెళ్ళారు. అక్కడ ఒక అపార్టుమెంటుకి వాచ్‌మన్ పని. కింద ఒక గది ఇచ్చారు. మాణిక్యమ్మ మూడు ఫ్లాట్లలో అంట్లు తోమేది. ఊరు వదిలే రోజు బస్సెక్కేముందు రోశయ్య గుడి ముందు నిలబడి, సంతోషంగానే దణ్ణం పెట్టుకుని వెళ్ళాడు. అందరూ అతన్ని మెచ్చుకున్నారు. ఎంత పోయినా ఒక్కమాట అనలేదన్నారు.

రెండేళ్ళు గడిచాయి. ఆ రెండేళ్ళలో చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళు బాపయ్య దగ్గరికి వచ్చి, అభిషేకం ఎట్టా చేయించావని అడిగి పోయేవాళ్ళు. అడిగినప్పుడల్లా చెప్పేవాడు. చెప్పిన ప్రతిసారీ ఆ సాయంత్రం నాలుగింటి దగ్గరికి వచ్చేసరికి కథ తొందరగా దాటించేసేవాడు. మూడో ఏడు మళ్ళీ వాన మొహం చాటేసింది. శ్రావణం దాటింది, భాద్రపదం సగమైంది. పాలకేంద్రం అరుగు మీద జనం అతని కోసం కబురు పెట్టారు. బాపయ్య వెళ్ళలేదు. రెండు రోజులు ఇంట్లోనే ఉండి, మూడో రోజు తెల్లారే బస్సెక్కి తాడేపల్లి వెళ్ళాడు.

అతను వెళ్ళేసరికి రోశయ్య అపార్టుమెంటు ముందు కార్లు కడుగుతున్నాడు. ఖాకీ చొక్కా, మోకాళ్ళపైకి మడిచిన ప్యాంటు. చేతిలో పచ్చటి గొట్టం లోంచి నీళ్ళు ధారాళంగా పడుతున్నాయి. చూడగానే మొహమంతా నవ్వు చేసుకుని, "రా బావా, రా. కబురైనా చెయ్యకుండా వచ్చావే," అన్నాడు. మాణిక్యమ్మ పై అంతస్తులో పనిలో ఉంది.

బాపయ్య కూర్చోలేదు. నిలబడే చెప్పాడు. పైపు దగ్గడం, తను ఆపకపోవడం, మూడుసార్లు నొక్కడం, వేలితో అదిమిపట్టడం. కోటి చెప్పిన మాట. ట్యాంకర్ల షెడ్డు. ఏదీ దాచలేదు. "రెండేళ్ళుగా గొంతులో ముల్లులాగా ఉంది బావా. ఇప్పుడు మళ్ళీ చేయించమంటున్నారు. నీకు చెప్పకుండా ఆ గుళ్ళో నిలబడలేను," అన్నాడు.

రోశయ్య కుళాయి కట్టేశాడు. గొట్టాన్ని చుట్టలు చుట్టి గోడకున్న మేకుకి తగిలించాడు. తడి చేతులు చొక్కాకి తుడుచుకుని, గేటు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. 

"మోటారు పోయినందుకు నేనెప్పుడూ బాధపడలేదు," అన్నాడు చివరికి. "తోట పోయినందుకు కూడా. దేవుడు నన్నడిగి తీసుకున్నాడు, బదులు ఊరికి వానిచ్చాడు అనుకున్నా. ఇక్కడ గేటు తియ్యటం కాస్త ఆలస్యమైతే నా మనవడి వయసోళ్ళు హారన్ కొట్టి కసురుతారు. అప్పుడు కూడా అదే తల్చుకునేవాణ్ణి. నీకేం తెలుసురా, ఒక ఊరికి వాన తెచ్చినోణ్ణి నేను అనుకునేవాణ్ణి. దాంతోనే నెట్టుకొచ్చా."

"తప్పైపోయింది బావా. నీ కాళ్ళు పట్టుకుంటా."

"ఒద్దు." రోశయ్య గొంతులో కోపం లేదు. "నీకు బరువైంది, తెచ్చి దించుకున్నావు. నేనెక్కడ దించుకోను?"



"మీ చెల్లెలికి చెప్పమాక," అన్నాడు రోశయ్య లేస్తూ. "ఊళ్ళో కూడా చెప్పమాక. అది రోజూ పొద్దున్నే లేచి, మన ఊరు ఆ దిక్కునుందని దణ్ణం పెట్టుకుంటది. దాన్నట్టా ఉండనీ."

మాణిక్యమ్మ పనయ్యాక దిగొచ్చి అన్నను చూసి మురిసిపోయింది. గదిలో కింద చాప వేసి అన్నం పెట్టింది. గోంగూర పచ్చడి, మజ్జిగ పులుసు. ఊళ్ళో ఎవరెట్టున్నారో ఒక్కొక్కర్నీ అడిగింది. వదిన మోకాళ్ళ నొప్పులెట్టున్నాయని అడిగింది.

"ఈ ఏడు కూడా వానల్లేవంట గదా. అభిషేకం ఎప్పుడు పెట్టుకున్నారన్నయ్యా?" అంది.

"వచ్చే సోమవారమంటున్నారు."

"మాకు రావడానికి సెలవియ్యరు. అయినా ఆ రోజు మేమిద్దరం ఇక్కడే పస్తుంటాం. చేసింది చేసినట్టు ఫలితం కళ్ళారా చూశాం గదా మేము." ఇంకో ముద్ద వడ్డించింది. రోశయ్య తలొంచుకుని అన్నం కలుపుతున్నాడు. తలెత్తలేదు. 

ఊరికి తిరిగొచ్చి, అభిషేకం ముందుండి చేయించడం తన వల్ల కాదని కమిటీకి చెప్పాడు. వయసైపోయిందన్నాడు. ఎవరి బోరూ అడగొద్దని, రెండు ట్యాంకర్లు తెప్పించమని, వాటి ఖర్చు తనే పెట్టుకుంటానని చెప్పాడు. "ట్యాంకరు నీళ్ళు పనికిరావన్నావు గదా అప్పుడు?" అని అడిగారు. "అప్పుడు నాకు తెలియదు," అన్నాడు. పూజారి గారు మాత్రం తలూపాడు.

సోమవారం ఊరంతా మళ్ళీ పస్తు ఉంది. ట్యాంకరు గుడి సందులో పట్టదని చేల దగ్గరే ఆపారు. బాపయ్య తడి పంచెతో బారులో మధ్యలో నిలబడ్డాడు. జనం ఒప్పుకోలేదు. పెద్దాయన ముందుండాలని జరిగి దారిచ్చారు. చెయ్యందిస్తామన్నారు. అతను అక్కణ్ణించి కదల్లేదు. ఎడమవైపు నుంచి బిందె వచ్చేది, కుడివైపుకి అందించేవాడు. బిందెలు ఆగకుండా వస్తున్నాయి. భుజాలు గుంజుతున్నాయి. తోవ పొడుగునా ఉన్న చేలల్లో ఒకచోట, రోశయ్య ఎకరన్నరలో ఇప్పుడు పక్క రైతు పత్తి ఉంది. అటు చూడకుండా ఉండటానికి అతను బిందెల అంచుల వంకే చూస్తూ నిలబడ్డాడు.

పదకొండింటికి ట్యాంకరు మారేటప్పుడు కాస్త ఖాళీ దొరికింది. జేబులో ఫోను మోగింది. మాణిక్యమ్మ.

"ఎందాకా వచ్చిందన్నయ్యా?"

"పానవట్టం మునిగిందమ్మా. సాయంత్రం లోపే అయిపోద్ది. నువ్వెట్టున్నావు?"

"నాకేం, అలవాటేగా. మంచినీళ్ళు కూడా ముట్టలేదు. పనిలోకి పోయి వచ్చి, ఇదుగో, విభూతి పెట్టుకుని కూర్చున్నా."

"బావ?"

అవతల లిఫ్టు తలుపు తెరుచుకున్న చప్పుడు, ఎవరో వాచ్‌మన్ అని పిలిచిన కేక వినపడ్డాయి.

"ఏమో అన్నయ్యా, నాకు అర్థం కాలేదు," అంది మాణిక్యమ్మ గొంతు తగ్గించి. "పొద్దున నేను లేచేసరికే ఎదురుగా హోటలుకి పోయి ఇడ్లీ తినొచ్చాడు. ఇవాళ సోమవారమయ్యా, ఊళ్ళో అభిషేకమయ్యా అన్నాను. తెలుసులే అన్నాడు. పెళ్ళైన నలభై ఏళ్ళలో సోమవారం పూట ఆయన పొద్దున్నే తినడం నేను చూళ్ళేదు. ఒంట్లో బాలేదంటావా? నువ్వొచ్చి పోయినప్పట్నుంచీ అదోలా ఉన్నాడు. నీతో ఏమన్నా అన్నాడా?"

"ఏమనలేదమ్మా," అన్నాడు బాపయ్య.

రెండో ట్యాంకరు వచ్చి ఆగింది. బారు మళ్ళీ కదిలింది. ఎడమవైపు మనిషి నిండు బిందె చాపి అతని కోసం ఎదురు చూస్తున్నాడు. బాపయ్య ఫోను జేబులో పెట్టుకుని, రెండు చేతులూ చాచి ఆ బిందె అందుకున్నాడు.